పట్టు విడుపులు

మనుష్యుడు చేయు పనులలో కొన్ని చేయువాని చేతిలోనే చెడును; కొన్ని యితరుల చేతిమీద చెడును. సారెమీద కుండ వంకరపోయినచో కుమ్మరి ఆ మట్టిని మఱల ముద్దచేసి త్రిప్పును. వడ్రంగి తప్పుగా కోసిన చెక్క పొయ్యిలోనికి పోవును. కాని వైద్యుడు, మంత్రసాని, క్షురకుడు, ఉపాధ్యాయుడు, వీరు పని నేర్చుకొను కాలమున చేసిన తప్పులు ఎక్కడికి పోవును? ఇంకొకరి దేహమునందో, మనస్సునందో నిలిచిపోవును. ఇరువది యేండ్లుగా తెనాలిలో బడిపంతులు పని చేయుచున్నవాడను గనుక ఈ ప్రశ్న నన్ను అప్పుడప్పుడు బాధించుచునే యుండెను. అయితే దానిని నా కన్నుల యెదుట విప్పి చూపినది నా వృత్తి కాదు. మా మేనకోడలు చేపట్టిన గోళ్ల పని.

మా చెల్లెలి కుమార్తె విజయవాడలో బి.కాం. చదివి, రెండేండ్లు ఉద్యోగమునకై తిరిగి, తుదకు హైదరాబాదులో మూడు వారములు గోళ్ల పని నేర్చుకొని వచ్చినది. ఇంటి ముందుగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక దీపము, దుమ్ము పీల్చుకొను చిన్న పంకా, ఇవియే దాని దుకాణము. కురచగోళ్లకు కొసలు పెంచి, అక్రిలిక్ పొర కప్పి, రంగు వేసి పంపును. దీనిని నెయిల్ ఎక్స్‌టెన్షన్స్ అందురు. స్త్రీలలో పలువురికి తెలిసినదే యైనను, నావంటి పురుషులకొఱకు పద్ధతి కొంచెము చెప్పెదను. సొంత గోటి కొసకు పలుచని ప్లాస్టిక్ టిప్ అతికింతురు. లేదా గోటి క్రింద కాగితపు అచ్చు తగిలింతురు. బ్రష్‌ను ద్రవములో ముంచి పొడికి తాకించినచో దాని కొనను ముత్యమువంటి తడిముద్ద నిలుచును. దాని పేరు బీడ్. ఆ ముత్యమును గోటిమీద నుంచి, అది గట్టిపడు లోపల ఒత్తి, పఱచి, రూపు తేవలెను. వ్యవధి రెండు మూడు నిమిషములే. పొడిలో బెంజాయిల్ పెరాక్సైడు అనునది కొంచెము కలిసియుండును. దాని ప్రేరణచే ద్రవమునందలి చిన్న యణువులు ఒకదాని చేయి యొకటి పట్టుకొని పొడవైన గొలుసులై బిగిసికొనును. తరువాత ఫైలుతో, అనగా సన్నని ఆకురాయితో, నునుపు చేయుదురు. గోరు పెరుగును గనుక రెండు మూడు వారముల కొకసారి మొదట ఏర్పడిన ఖాళీని పూడ్చుదురు.

ఈ పనిని గూర్చి మా యింట వినబడిన మాటలు వ్రాయుటకు సిగ్గుగా నున్నది. "డిగ్రీ చదివి పరాయివాళ్ల చేతులూ కాళ్లూ పట్టుకుంటావా?" అని మా చెల్లెలు ఏడ్చెను. మా బడిలోని యొక పండితుడు ఇది విలాసమునకు చేయు ఊడిగమనెను. నేను వారితో వాదించితిని. కాని వాదించుచున్నపుడు సైతము నా మనస్సులో ఒక మూల అట్టి తిరస్కారమే దాగియుండెనని యిప్పుడు ఒప్పుకొనవలసియున్నది. ఒకరి గోరు ముట్టుకొనుట తక్కువ పని యనుకొనుట మనకు కులముతో వచ్చిన జబ్బు. పల్లెలలో గోళ్లు తీసిన చేతులే కురుపులు కోసి కట్లు కట్టినవి. ఆ యిండ్ల యాడువారే మంత్రసానులై మన పెద్దలను భూమిమీదికి దించిరి. వారి మేలు పొంది వారిని గడప యవతల నిలిపిన సంఘము, నేడు గోళ్లు పెంచుకొనిన స్త్రీని చూచి ముచ్చటపడుచు, ఆ గోళ్లు దిద్దిన స్త్రీని చూచి మొగము చిట్లించుటలో వింత లేదు. అలంకారము మనకు క్రొత్తది కాదు. ఆషాఢమున గోరింటాకు పెట్టుకొనుట తెలుగిండ్లలో పండుగతో సమానము. వాత్స్యాయనుడు అఱువదినాలుగు కళలలో దంతములకును వస్త్రములకును దేహమునకును రంగు లద్దుటను చేర్చెను. గౌడదేశీయుల నిడుపుగోళ్లను గూర్చియు వ్రాసెను. దూరదేశపు ముచ్చట యొకటి కలదు. 1975లో వియత్నాం యుద్ధము ముగిసిన పిమ్మట కాలిఫోర్నియాలో వీమర్ అను చోటనున్న శరణార్థుల శిబిరమునకు టిప్పి హెడ్రెన్ అను సినిమానటి వెళ్లి, తన గోళ్లు దిద్దు నామెను రప్పించి, ఇరువదిమంది స్త్రీలకు ఈ పని నేర్పించెను. నేడు అమెరికాలో ఈ వృత్తి చాలవఱకు వియత్నాం సంతతివారి చేతులలోనే యున్నది. కట్టుబట్టలతో వచ్చినవారి కన్నము పెట్టిన పనిని విలాసపు ఊడిగమని కొట్టివేయుటకు నాకు నోరు రాదు.

పని గౌరవమును గూర్చి వాదించుట సులభము. పని చేయువాని మనస్సులో జరుగునది తెలిసికొనుట కష్టము. నేను వ్రాయదలచినది ఆ రెండవదానిని గూర్చియే.

గడచిన జ్యేష్ఠమాసమున బ్యాంకులో పనిచేయు నొక యిల్లాలు తమ్ముని పెండ్లికని వచ్చి పదివ్రేళ్లకును గోళ్లు పెట్టించుకొన్నది. ఎనిమిదవనాటికి రెండు వ్రేళ్ల మొదట అక్రిలిక్ పొర లేచినది. దీనిని లిఫ్టింగ్ అందురు. క్రొత్తగా పని నేర్చినవారికి ఇది నిద్రలోగూడ కనబడు భయము. మా పిల్ల ఆ సందులో జిగురు పోసి, అదిమిపట్టి పంపినది. అది మొదటి తప్పు. సందులోనికి చేరిన తడిమీద మూత బిగించినచో లోపల సూక్ష్మజీవులు పెరిగి గోరు ఆకుపచ్చబాఱు ప్రమాదము కలదు. అదృష్టవశమున అట్లు కాలేదు. కాని పదిదినములలో మఱియొక గోరు లేచినది. అప్పుడు పిల్లకు తోచినదేమనగా, పట్టు చాలలేదు, పట్టు పెంచవలెను.

అట్లు తోచుటలో తప్పేమి? మనకందఱకును అట్లే తోచును. బిడ్డ మాట విననిచో గొంతు పెంచుదుము. భార్య యెదురుచెప్పినచో కట్టడి పెంచుదుము. ఊడినదానిని చూడగానే, ఎందుకూడినదని యడుగుటకు ముందే, మఱింత గట్టిగా బిగింపవలెనని చేయి పోవును.

శ్రావణమున వరలక్ష్మీవ్రతమునకు ఆ యిల్లాలు మఱల వచ్చినపుడు పిల్ల మూడు పనులు చేసినది. నేర్పినవారు సొంత గోటిమీద సన్నని ఫైలు మాత్రమే వాడుమని చెప్పియుండగా, ముతక ఫైలుతో గోటిని గరుకుబాఱునట్లు గీచినది. ప్రైమరు ఒక చుక్క చాలుననగా రెండు పూతలు పూసినది. అన్నిటికంటె ముఖ్యముగా, బజారులో చవుకగా దొరకిన యొక ద్రవమును కొని తెచ్చినది. ఆ సీసామీద పదార్థముల పేర్లు లేవు. మూత తీయగానే ముక్కు బద్దలగు ఘాటు. కాని పట్టు మాత్రము అద్భుతము. మూడు వారములు గడచినను ఒక్క గోరు కదలలేదు. ఆ యిల్లాలు మురిసిపోయి తనతో పనిచేయు వారి నిద్దఱను పిలుచుకొని వచ్చినది. "మామయ్యా, ఇప్పుడు నా పని నిలబడుతోంది" అని పిల్ల నాకు ఫోనులో చెప్పినది. నేనును సంతోషించి, అభ్యాసమువలన నేర్పు వచ్చునని నాలుగు మాటలు బోధించితిని. ఆ మాటలు తలచుకొన్నచో నిప్పుడు చెవులు మండుచున్నవి. అరిస్టాటిలు సద్గుణమును గూర్చి చెప్పుచు వీణావాదనమును ఉదాహరించి, వాయించుటవలననే మంచి వైణికులును చెడ్డ వైణికులును తయారగుదురను భావమును తెలిపియున్నాడు. ఇంగ్లీషు చదువుకొన్న దినములలో నేనది పరీక్షకొఱకు వల్లించితినే గాని, మేనకోడలికి బోధించునపుడు గుర్తునకు తెచ్చుకొనలేదు. అభ్యాసము తప్పును గూడ గట్టిపఱచును.

భాద్రపదమున ఒకనాడు ఆ యిల్లాలు బీరువా తలుపు వేయుచుండగా ఉంగరపు వ్రేలి గోరు సందున తగులుకొన్నది. మంచి అక్రిలిక్ అయినచో కొసన విఱిగియుండును, గోరు దక్కియుండును. ఇది విఱుగలేదు. పైపొర చెక్కుచెదరక నిలిచి, క్రిందనున్న ఆమె సొంత గోరు మాంసమును విడిచి పైకి లేచినది. వైద్యుడు ఆ గోటిని చాలవఱకు కత్తిరించి కట్టు కట్టవలసివచ్చినది. మిగిలిన గోళ్ల పొరలు తీయించి చూడగా, పలుచబడి, కాగితమువలె వంగుచు, ముతక ఫైలు చేసిన గీతలతో ఎఱ్ఱబడియుండెను.

ఆ ఆదివారము నేను విజయవాడ వెళ్లితిని. పిల్ల అన్నము ముట్టలేదు. ఆ సీసాను బల్లమీద పెట్టుకొని కూర్చుండియున్నది. దానికిని నాకును తోచినంత చదివితిమి. తెలిసినది వ్రాయుచున్నాను, ఇంటిలో ఆడపిల్లలు గోళ్లు పెట్టించుకొనువారికి పనికివచ్చును.

అక్రిలిక్ గోరు దంతవైద్యుని చేతిలో పుట్టినదందురు. అమెరికాలో ఫ్రెడ్ స్లాక్ అను దంతవైద్యుడు 1954లో పనిలో గోరు విఱుగగొట్టుకొని, పండ్లపనికి వాడు అక్రిలిక్‌తోనే ఒక కృత్రిమమైన గోరు చేసికొనెను. తొలినాళ్లలో ఈ పనికి వాడిన ద్రవము మిథైల్ మెథాక్రిలేట్. కట్టుడుపండ్ల తయారీలోను, కీళ్ల మార్పిడిలో లోహమును ఎముకకు బిగించు సిమెంటులోను ఉపయోగించునది యిదియే. మిక్కిలి కఠినముగా గట్టిపడును. అసిటోన్‌లో ఎంత నానబెట్టినను తేలికగా ఊడదు. 1970 తరువాతి యేండ్లలో గోళ్లు చెడినవనియు, వికృతముగా పెరిగినవనియు, చర్మము పొక్కినదనియు అమెరికా ఆహార ఔషధ శాఖకు ఫిర్యాదులు వచ్చినవి. 1974లో ఆ శాఖ న్యాయస్థానమునకు పోయి ఒక సంస్థ అమ్మకమును నిలుపుదల చేయించెను. కొన్ని సరకులను స్వాధీనపఱచుకొనెను. పిమ్మట మంచి తయారీదారులు ఇథైల్ మెథాక్రిలేట్ అను దానికి మాఱిరి. అది కొంత మెత్తన, వంగును, అసిటోన్‌లో నానినచో కరగి విడివడును. మొదటిది చవుక గనుక నేటికిని పేరులేని సీసాలలో తిరుగుచున్నది. మా పిల్ల తెచ్చినది అదియే యని పరీక్ష చేయించి చెప్పుచున్నమాట కాదు గాని, ఘాటును, కాఠిన్యమును, అసిటోన్‌కు లొంగకపోవుటయు మూడును కూడియున్నవి.

ఈ రెండు ద్రవములకు గల భేదమును చదువుచున్నపుడు నా కొక సంగతి తట్టినది. మోకాటిలో బిగించిన లోహము ఊడరాదు. గోటిమీద పెట్టినది ఊడదగినదై యుండవలెను. ఏలయన గోరు నిలుచు వస్తువు కాదు. నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు ముందునకు నడచుచుండును. మొదటనుండి కొసవఱకు పూర్తిగా క్రొత్తగోరు వచ్చుటకు ఆఱునెలలు పట్టును. నడచుచున్నదానిమీద ఏది పెట్టినను అది దానితోపాటు నడువవలెను. దెబ్బ తగిలినపుడు తాను ముందు విఱుగవలెను. సమయము వచ్చినపుడు విడువవలెను. విడువనేరని పట్టు పట్టుకొన్నదానినే పెఱికివేయును. మనవారు పట్టువిడుపులు ఉండవలెనని యందురు. నేనంతవఱకు ఆ మాటకు బేరములలో తగ్గుట, రాజీపడుట అనియే అర్థము చెప్పుకొనుచుంటిని.

ఇక న్యాయాన్యాయముల విచారము. జరిగినది విని మా పండితమిత్రుడు, "కోరినది ఆమెయే గదా! ఊడకుండ పెట్టుమన్నది. ఈ పిల్ల పెట్టినది. సొమ్మిచ్చినామె యిష్టమునకు పనిచేసినదాని తప్పేమి?" అనెను. తేలికగా త్రోసివేయదగిన వాదము కాదిది. లోకములో సగము వృత్తులు ఈ మాటమీదనే నడచుచున్నవి. కాని ఆమె కోరినదేమి? అందమైన గోళ్లు కొన్నాళ్లు నిలువవలెనని కోరినది. తన గోటిని పలుచచేసియైన నిలుపుమని కోరలేదు. పైపొర వేసిన తరువాత క్రింద నేమి జరుగుచున్నదో ఆమె చూడలేదు. చూడగలిగినది పనిచేసిన చేయి ఒక్కటియే. చూడలేనివారి సమ్మతిని చూడగలవారు తమ చీటీగా చూపుకొనుట నాకు సబబుగా తోచలేదు.

"పిల్లకు గూడ తెలియదు గదా!" అని మా చెల్లెలు. ఇది మొదటిదానికంటె చిక్కైన మాట. మేనకోడలికి మిథైల్ యేదో ఇథైల్ యేదో నిజముగనే తెలియదు. ఆ అజ్ఞానమును నేను దూఱను. మూడు వారముల చదువులో ఎంత వచ్చును? కాని సీసామీద పేరు లేదని దానికి తెలియును. నేర్పినదానికంటె ముతకగా గీచుచున్నానని తెలియును. గీచునపుడు ఆ యిల్లాలు ఒకసారి "మంటగా ఉందమ్మా" అని చేయి వెనుకకు తీసికొన్నదట! ఆ సంగతి పిల్ల తానే నాకు చెప్పినది, నేనడుగలేదు. తెలియకపోవుట వేఱు, తెలిసికొన నిచ్చగింపకపోవుట వేఱు. రెండవదానికి మనమందఱము అజ్ఞానమను పేరే పెట్టి తప్పించుకొనుచుందుము.

నాకు మఱింత భయము కలిగించిన సంగతి యింకొకటి కలదు. లిఫ్టింగ్ వచ్చినపుడు పని నిజము చెప్పినది. ఇక్కడ తప్పున్నదని లేచి చూపినది. లేవకుండ నిలిచిన మూడు వారములును అబద్ధము చెప్పినది. ఆ మూడు వారములలోనే పొగడ్తలు వచ్చినవి, క్రొత్తవారు వచ్చిరి, మేనమామ నీతిబోధ గూడ చేసెను. బయటపడు లోపము మన మిత్రుడు; దానిని నోరు నొక్కి యణచిన దినమున మనకు జయము కలిగినదని యనుకొందుము.

ఇంటికి వచ్చుచు రైలులో నా పనిని తలచుకొంటిని. పదేండ్ల క్రిందట నాయొద్ద చదివిన యొక బాలుడు సంస్కృతమున నూటికి తొంబదియెనిమిది తెచ్చుకొనెను. నాలుగు నెలలు ప్రతిదినము బడి విడిచిన పిమ్మట కూర్చుండబెట్టి, శబ్దములు, ధాతువులు, ప్రశ్నోత్తరములు ముతక ఫైలుతో రుద్దినట్లు రుద్దితిని. ఒకటి రెండుసార్లు వాని కన్నుల నీరు చూచితిని. చూడనట్లు పుట త్రిప్పితిని. పరీక్షనాటికి ఒక్క యక్షరము ఊడలేదు. తల్లిదండ్రులు పండ్లు తెచ్చి యిచ్చిరి. మొన్న వేసవిలో వాడు కనబడి, ఆ పరీక్ష తరువాత నేటివఱకు సంస్కృతపు పుస్తకము ముట్టలేదని నవ్వుచు చెప్పెను. వానికి కోపము లేదు. నా పట్టు నిలిచినది. దాని క్రిందిది పలుచబడినది. మేనకోడలిని విచారించుటకు వెళ్లిన న్యాయాధిపతి తిరుగుప్రయాణమున బోనులో నిలిచెను.

అయితే నేర్చుకొనువారు ఏమి చేయవలెను? ఇతరుల చేతిమీద తప్ప నేర్చుటకు వీలులేని విద్యను చేతులు పాడుచేయక నేర్చుట యెట్లు? ఈ చిక్కు క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున యోగ్యాసూత్రీయమను అధ్యాయము తొమ్మిదవది. యోగ్య యనగా అభ్యాసము. శిష్యుడు రోగిమీద శస్త్రము పెట్టుటకు ముందు గుమ్మడి, ఆనప, దోస మొదలగు కాయలమీద కోయుట నేర్వవలెను. నీరు నింపిన తోలుసంచులమీద చీల్చుట, వెండ్రుకలున్న చర్మముమీద గీకుట, చచ్చిన పశువుల సిరలమీదను తామరతూండ్లమీదను పొడుచుట నేర్వవలెను. కట్లు కట్టుట నేర్చుటకు మనుష్యాకారముగల బొమ్మను పెట్టుకొనుమనెను. శాస్త్రమంతయు చదివినవాడైనను యోగ్య చేయనిచో పనికి తగడని ఆయన మతము. నేనీ సంగతి చెప్పగా పిల్ల లేచి, అలమారులోనుండి దుమ్ముపట్టిన యొక ప్లాస్టిక్ చేయి తీసి చూపినది. వ్రేళ్లు వంగును, గోళ్ల స్థానమున టిప్పులు దూర్చుటకు సందులున్నవి. శిక్షణలో ఇచ్చినారట. ఇంటికి వచ్చినప్పటినుండి దానిని ముట్టలేదట. "బొమ్మ చేతికి డబ్బులు రావు కదా మామయ్యా!" అన్నది. కాదనుటకు నాకు మాట లేకపోయినది.

ఆశ్వయుజమంతయు ఆ పిల్ల డబ్బురాని చేతిమీద పనిచేసినది. నేను ఆదివారములందు వెళ్లి చూచుచుంటిని. ప్రక్కన కూర్చుండి చూచిన కొలది ఆ పనిమీద నాకు గౌరవము పెరిగినది. అసలు లిఫ్టింగ్‌నకు కారణము పట్టు చాలకపోవుట కానేకాదు. గోటి మొదట, చర్మమును దాటి, కంటికి కనబడనంత పలుచని పొర యొకటి గోటిని అంటియుండును. దానిని క్యూటికల్ అందురు. దానిని మెల్లగా తీసివేయక అక్రిలిక్ పెట్టినచో, ఆ ముద్ద గోటిని పట్టుకొనదు. ఊడిపోవు చర్మపు పొరను పట్టుకొనును. ఇక ముతక ఫైలుతో గోటినంతయు గీచి ఏమి లాభము? గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చినట్లే. ఆ పొర తీసి, నూనెమెఱుపు పోవునంతవఱకు మాత్రమే నూటయెనుబదియో రెండువందల నలుబదియో అంకెగల సన్నని ఫైలుతో తాకి, దుమ్ము దులిపి, తడి లేకుండ చేసినచో చాలును.

తరువాతిది ముత్యపు పాకము. ఇందులో ద్రవమెంత, పొడి యెంత యని కొలపాత్రలు లేవు; బ్రష్‌ను గిన్నె యంచున ఎంత యొత్తితివి, పొడిలో ఎంతసేపు నిలిపితివి అనునదే కొలత. తడి యెక్కువైనచో ముత్యము కారి ప్రక్కచర్మముమీదికి పోవును. అక్కడ అది గట్టిపడి మొదట లేచును. అంతేకాదు, సరిగా గట్టిపడని ద్రవము చర్మమునకు మాటిమాటికి తగిలినచో జీవితాంతము పోని దురద, పొక్కులు పట్టుకొనవచ్చును. ఈ జాతి పదార్థములవలని చర్మబాధను గూర్చి 2018లో బ్రిటిష్ చర్మవైద్యుల సంఘము ప్రజలను హెచ్చరించెను. ఒకసారి ఆ బాధ కలిగినవారికి పండ్లవైద్యములోను, కీళ్ల శస్త్రచికిత్సలోను వాడు ఇదే జాతి పదార్థములు సైతము పడకపోవచ్చును. పొడి యెక్కువైనచో ముత్యము ఇసుకవలె గరుకై, గోటిని తడుపక, అంటక నిలుచును. సరియైన ముత్యము బ్రష్ కొనను మెఱయుచు, జాఱక, గోటిమీద పెట్టగానే తనంతట తాను కొంచెము పఱచుకొనును. ఆ "కొంచెము" అనునది ఎంతయో ఎవరును మాటలతో చెప్పలేరు. పిల్లకు అది నూఱవ ముత్యమున గాని చేతికి తెలియలేదు.

ఒక ముత్యము కొసను, ఒకటి నడుమ, ఒకటి మొదట. నడుమ కొంచెము ఎత్తుగా నుండవలెను, బరువు పడు చోటది, ఇంటికప్పునకు దూలమువంటిది. మొదట మాత్రము పొర గోటితో సమమై కలిసిపోవునంత పలుచగా, చర్మమును తాకక, వెండ్రుకవాసి యెడము విడువవలెను. ఈ వెండ్రుకవాసి దగ్గఱనే పిల్ల పదేపదే తప్పినది. చర్మము దగ్గఱకు పోయినకొలది పని నిండుగా కనబడును. ఎడము విడిచినచో అసంపూర్తిగా తోచును. ఆ చోట ఆపుట చేతికి నచ్చదు. పిల్ల ఒక నోటుపుస్తకము పెట్టి ఏ వ్రేలి ముత్యము కారినదో, ఏది గరుకైనదో, ఎందువలననో వ్రాసికొన్నది. దానిలో మెచ్చుకోళ్లకు చోటు లేదు. నా తరగతికి సైతము అట్టి పుస్తక మొకటి కొంటిని. ఇప్పటికి నాలుగు పుటలు నిండినవి.

ఇంతకంటె కష్టమైన పని మధ్యలో ఒకటి జరిగినది. ఆ పేరులేని ద్రవముతో గోళ్లు పెట్టించుకొన్నవారు ఇంకను ఇద్దఱున్నారు. వారి గోళ్లు లక్షణముగా నిలిచియున్నవి, ఫిర్యాదు లేదు. వారిని పిలిచి నిజము చెప్పవలెనని పిల్ల అన్నది. "పేరు పోతుంది. వాటంతట అవే పెరిగి పోతాయిలే" అని మా చెల్లెలు అడ్డుపడినది. నన్ను చూచినది. ధైర్యముగా తీర్పు చెప్పితినని వ్రాసికొనుటకు నాకు మనసొప్పదు. పిల్ల బ్రతుకుతెరువు గదా యని నేనును కొంతసేపు నసిగితిని. నేను నసుగుచుండగనే అది లేచి ఫోను చేసినది. ఒకామె వచ్చినది. అసిటోన్ తడిపిన దూది చుట్టి గంటకు పైగా కూర్చుండబెట్టి, నానినంత నానగా, మిగిలినదానిని లాగక, పెల్లగింపక, సన్నని ఫైలుతో పొర పొరగా తగ్గించి, రెండు పూటలకు వదలించినది. సొమ్ము తీసికొనలేదు. ఆమె "చెప్పావు, మంచిదానివమ్మా" అని పోయినది; మఱల ఇంతవఱకు రాలేదు. రెండవ యామె ఫోనులోనే కోపించి, ఇచ్చిన సొమ్ము తిరిగి పంపుమనెను. పంపినది. ఆ నెలలో ముందుగదిలోని రెండవ కుర్చీ తఱచుగా ఖాళీగానే యుండెను.

బ్యాంకు ఇల్లాలు కార్తికమున ఒకనాడు తానే వచ్చినది. నేనక్కడనే యున్నాను. ఏమనునో యని మా చెల్లెలు లోపలికి పోయినది. ఆమె కుర్చీలో కూర్చుండి చేతులు బల్లమీద చాచి, "ఏమీ పెట్టకు. ఉన్నవి సమంగా కత్తిరించు, చాలు" అన్నది. పిల్ల దీపము దగ్గఱకు లాగుకొని, ఆ యుంగరపు వ్రేలిని తన రెండు వ్రేళ్లతో పట్టి చాలసేపు చూచినది. మొదటి తెల్లని అర్ధచంద్రమునుండి క్రొత్తగోరు సగము దూరము వచ్చియున్నది. మిగిలిన వ్రేళ్లమీద ఫైలుగీతలు కొసవైపునకు జరుగుచున్నవి. నోటుపుస్తకము తీసి తేదీ వేసి, "ఆఱు మిల్లీమీటర్లు" అని వ్రాసికొన్నది. ఆమె అది చూచి, పూర్తిగా రావటానికి ఇంకా ఎన్నాళ్లని అడిగినది. మాఘము దాటవచ్చునని పిల్ల చెప్పినది. తరువాత తలయెత్తక, అప్పుడు తిరిగి పెట్టించుకొందురా యని యడిగినది. ఆమె గోళ్లు చూచుకొనుచు, అప్పటికి చూతమన్నది.